దండ పడింది గానీ మనిషి మారాడు

కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. మా ఊళ్లో ఒక ఫిల్మ్ క్లబ్ ఉంది, దానికో సెక్రటరీ గారున్నారు. ఫిబ్రవరి 8 ఫ్రెంచి సినిమా రచయిత జాన్ క్లాడ్ కారియేర్ వర్ధంతి అని ఆయనకు ఎక్కడో కనిపించింది, "మీరు కాస్త మాట్లాడాలి సార్" అన్నారు, సరే అన్నాను. ఎలా వెళ్లాను, టీ ఇచ్చారా లేదా అనేవి అనవసరం. హాల్లో అడుగుపెట్టేసరికి స్టేజీ మీద ఫ్లెక్స్.

ఫ్లెక్స్ మీద, కాళ్లు చెరో వైపుకీ బార్లా చాపి గాల్లో కూర్చున్న ఫైటింగ్ సినిమాల హీరో జాన్ క్లాడ్ వాన్ డామ్.

పైన "అశ్రునివాళి". కింద కారియేర్ పేరు, 1931–2021. మధ్యలో ఈ కండల వీరుడు. 1960లో పుట్టిన ఈ బెల్జియం హీరో నిక్షేపంగా ఉన్నాడు. షాపు కుర్రాడు పేరులో మొదటి సగం కొట్టి, వచ్చిన ఫొటో పెట్టేశాడట. ప్రూఫ్ సెక్రటరీ గారి ఫోన్‌కి వెళ్లింది, ఆయన బొటనవేలు బొమ్మ పెట్టి ఓకే చేసేశారు. చెవిలో చెబితే, "జనం వచ్చారు కదా సార్, మాటల్లో కవర్ చేసెయ్యండి" అన్నారు.

జనం వచ్చిన మాట నిజమే. కారియేర్ కోసమైతే పదిమంది వస్తే గొప్ప. కింద అంతస్తులోని కరాటే క్లాసు మొత్తం తెల్ల డ్రెస్సుల్లో వచ్చి ముందు వరసలో కూర్చుంది. వాళ్ల మాస్టారి చేతిలో బంతిపూల దండ. ఫ్లెక్స్‌లో మెడ ఎక్కడో సీలింగు దగ్గరుంది, అందుబాటులో ఉన్న మేకు ఒక్కటే, అదీ సరిగ్గా ఎడమ పాదం దగ్గర. ఆయన కళ్లకద్దుకుని ఆ బొటనవేలికే తగిలించారు. "రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అని సెక్రటరీ గారు మైకులో అన్నారు. లేచి నిలబడ్డాం. బతికున్న మనిషికి.

ఆ రెండు నిమిషాలు ఎంతకీ కదలవు. నేను మాత్రం అసలు కారియేర్‌నే తలుచుకుంటూ నిలబడ్డాను. ద్రాక్షతోటల ఇంట్లో పుట్టిన కుర్రాడు పొట్టకూటికి వేరే పేరుతో ఫ్రాంకెన్‌స్టయిన్ భయానక నవలలు రాశాడు, ఫ్రెంచి హాస్య దర్శకుడు జాక్ తాతీ సినిమాలను నవలలుగా మార్చాడు, కమెడియన్ పియెర్ ఎతేతో కలిసి తీసిన చిన్న సినిమాకి 1963లోనే ఆస్కార్ కొట్టాడు. స్పెయిన్ దర్శకుడు బునుయెల్ తొలి పరిచయంలో అడిగింది కథ గురించి కాదు, వైన్ తాగుతారా అని. మేమే తయారుచేస్తాం అన్నాడట ఈయన. అంతే, స్నేహం కుదిరిపోయింది, బునుయెల్ సినిమాకి మాటలు రాస్తూ అందులోనే పాదిరీ వేషం కూడా వేసేశాడు. వాళ్లిద్దరూ రాసిన 1972 సినిమాలో కొందరు పెద్దమనుషులు భోజనానికి కూర్చుంటారు, ఉన్నట్టుండి తెర లేస్తుంది, చూస్తే వాళ్లు నాటకం స్టేజీ మీద ఉన్నారు, ఎదురుగా ప్రేక్షకులు, ఒక్కరికీ డైలాగు రాదు. సినిమాలో అది కలేలెండి, నాది మాత్రం కల కాదు.

"మాస్టారూ, ఫైట్‌లో పోయాడా?" అని ముందు వరసలోంచి గుసగుస. మాస్టారు కర్చీఫ్ తీశారు.

తర్వాత ఏదో మాట్లాడాను. మహాభారతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం హాలు కదిలింది. ఇంగ్లీషు నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ కోసం కారియేర్ ఏళ్ల తరబడి కూర్చుని రాసిన నాటకం 1985లో ఫ్రాన్స్‌లోని అవిన్యోఁ దగ్గర ఒక రాతి క్వారీలో ఆడారు, తొమ్మిది గంటలు. ద్రౌపది మన మల్లికా సారాభాయ్, భీముడు సెనెగల్ నటుడు. 2015లో మన ప్రభుత్వం ఈ రచయితకి పద్మశ్రీ కూడా ఇచ్చింది. మన కథ కోసం ఇంత కష్టపడినవాడి మొహం మన ఊరి ఫ్లెక్స్ మీద లేదే అని నాకు మండిపోతూనే ఉంది.

ఇంతలో ఒక బుడ్డోడు చెయ్యెత్తాడు. "సార్, ఇందులో వాన్ డామ్ ఏ వేషం వేశాడు?"

నేను నోరు తెరిచేలోపే సెక్రటరీ గారు మైకు లాక్కుని, "అది సెకండ్ పార్ట్‌లో వస్తుంది బాబూ" అన్నారు. చప్పట్లు.

ఇవాళ పొద్దున ఆయన దగ్గర్నుంచి మెసేజ్, ఫ్లెక్స్ ఖర్చులో సగం నన్ను వేసుకోమని.