తోకొక్కటే తక్కువ

ఈమధ్య మా అక్క మనవడికి హెర్నియా ఆపరేషన్ అయింది. వాడికి మూడేళ్లు. థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు మత్తు డాక్టరు బయటికొచ్చి, "టెన్షన్ పడకండమ్మా, బాబుని నిద్రపుచ్చి కాడల్ ఇస్తాం. లేచాక కూడా కొన్ని గంటలు నొప్పి తెలీదు" అన్నాడు. అక్కకి కాడలంటే తోటకూర కాడలే. "పసివాడికి ఇప్పుడు కాడలెందుకు బాబూ, అరగవేమో" అంది.

"కాడలు కాదమ్మా, కాడల్. అంటే తోక వైపు. తోకెముకకి కాస్త పైన చిన్న సందుంటుంది, అందులోంచి ఇంజెక్షన్."

అక్క ఒక్క క్షణం ఆలోచించింది. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, వీడికి తోకొక్కటే తక్కువని" అని, కూతురి వైపు తిరిగి, "సంతకం పెట్టవే" అంది.

వాళ్లకి అక్కడితో అయిపోయింది. నాకు అవలేదు. ఇది మానవజాతి పరువుకి సంబంధించిన విషయం.

లాటిన్‌లో కౌడా అంటే తోక. చిన్నప్పుడు చేప పాఠంలో బట్టీపట్టిన పుచ్ఛ వాజంలో పుచ్ఛం ఇదే. దీనికి ఎదురు దిక్కు రాస్ట్రల్, అంటే ముక్కు వైపు. అదీ మనిషి ముక్కు కాదు, పక్షి ముక్కు. పాన్ కార్డుంది, ఓటుంది, ఇరవయ్యేళ్ల ఈఎంఐ ఉంది. అయినా శాస్త్రం కళ్లకి మనం ముక్కుకీ తోకకీ మధ్య సాగదీసిన ఒక శాల్తీ.

శాస్త్రజ్ఞుల వాదన వాళ్లకుంది. మనిషికైతే పైన, కింద అంటే సరిపోతుంది. ఆవుకి సరిపోదు, దాని తోక ఉండేది వెనక. చేపకీ ఆవుకీ మనకీ కలిపి ఒకే మాట కావాలంటే తోకే గతి. వెన్నెముక ఉన్నవాళ్లలో తోక ఉన్నవాళ్లదే మెజారిటీ కాబట్టి ప్రజాస్వామ్యం కూడా వాళ్ల పక్షమే. ఒక్కో అవయవానికి నాలుగైదు పేర్లుండటం బాగాలేదని 1895లో బాసెల్ నగరంలో పెద్దలు కూర్చుని పేర్లన్నీ ఓ కొలిక్కి తెచ్చారు. ఆ సభలో మన తరఫున అడగడానికి ఒక్క అమ్మమ్మైనా లేకపోయింది.

పోనీ, ఆ తోకైనా ఒక దిక్కున కుదురుగా ఉందా? కుక్కలో ముక్కు నుంచి తోక దాకా గీత గీస్తే దాదాపు తిన్నగా వస్తుంది. మనిషి రెండు కాళ్ల మీద లేచి నిలబడ్డాడు, చూపు మాత్రం ముందుకే ఉంచుకున్నాడు. దాంతో ఆ గీత మధ్యమెదడు దగ్గర వంగింది. వెన్నుపాములో కాడల్ అంటే కిందికి. పెద్ద మెదడులో అదే కాడల్ అంటే తల వెనక్కి. పార్టీ ఒకటే, వర్గాలు రెండు.

ముక్కు సంగతి ఇంకా ఘోరం. క్రీ.పూ. 338లో రోమన్లు ఆంటియమ్ అనే రేవు పట్నం వాళ్ల ఓడల్ని పట్టుకుని, వాటి ముందు పొడుచుకొచ్చే ముక్కుల్ని ఊడదీసి తెచ్చి, రోమ్ నడిబొడ్డున ఫోరం అనే కూడలిలో ఉపన్యాసాల అరుగుకి తగిలించారు. అప్పట్నుంచీ ఆ అరుగు పేరే రాస్ట్రా, అంటే ముక్కులు. ఇప్పటికీ ఇంగ్లీషులో ఉపన్యాస వేదికని రాస్ట్రమ్ అనేది అందుకే. ఈ మాటకి మూలంలో ఉన్న లాటిన్ క్రియకి అర్థం కొరకడం. మైకు ముందుకొచ్చినవాడు బుర్ర తింటాడని మనం అనుకోవడం మొదలుపెట్టకముందే లాటిన్‌వాడు రాసిపెట్టాడు.

అన్నిటికన్నా పెద్ద కుంభకోణం తోకెముకది. దాని డాక్టర్ల పేరు కాక్సిక్స్. గ్రీకులో కోకిల జాతి పక్షి పేరు అది. ఎందుకంటే ఆ ఎముక ఆకారం అచ్చం ఆ పక్షి ముక్కులా ఉంటుందట! తోక ఉండాల్సిన చోట ముక్కు పెట్టి, దాన్నే తోకెముక అంటున్నారు. మా మునిసిపాలిటీ ఇంటి నంబర్లు ఇంతకన్నా నయం.

ఇన్ని అన్నాక నిజం ఒప్పుకోకపోతే పాపం. అమ్మ కడుపులో నాలుగో వారానికి మనకి నిజంగానే తోక మొలుస్తుంది, ఎనిమిదో వారానికల్లా మాయమవుతుంది. మాయమైందని మనం అనుకుంటాం గానీ, బయటికొచ్చాక దాన్ని ముడుస్తాం, ఊపుతాం, జాడిస్తాం, పేరు చివర డిగ్రీలుగా తగిలిస్తాం. తిరుమల సర్వదర్శనానికి నిలబడే క్యూ ఉందే, ఆ మాట ఫ్రెంచిలో తోక, దాని తల్లి మళ్లీ ఆ కౌడానే. మనం గంటలకొద్దీ తోకలో వెంట్రుకల్లా నిలబడతాం. నక్క తోక తొక్కినవాళ్లు మాత్రం పక్క గేటులోంచి వెళ్లిపోతారు.

వాడికి మెలకువ వచ్చింది. నొప్పి లేదు, ఏడుపు లేదు, గంటలో మంచం కమ్మీ ఎక్కబోయాడు. డాక్టరు చీటీ రాసిచ్చాడు. నేను కిందికొచ్చి, మందుల షాపెక్కడని వాచ్‌మన్‌ని అడిగాను.

"ముక్కుకి సూటిగా పోండి సార్. పెద్ద లైను కనబడుద్ది. తోక దగ్గర నిలబడండి."