పటం చూపకముందే గంట కొట్టారు

విద్యార్థి సదస్సులో, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద మేం రాసిన పరిశోధన పత్రానికి 10 నిమిషాలు ఇస్తామన్నారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, అతిథుల ప్రసంగాలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. "3 నిమిషాల్లో ముగించమ్మా" అన్నారు. ఒళ్లు మండిపోయింది!

నల్లగొండ పల్లెల్లో ఎండలో తిరిగి, బోరు నీళ్లు సీసాల్లో పట్టి, ఒక్కోదాని మీద ఊరి పేరు రాసి, ఫ్లోరైడ్ ఎంత ఉందో కొలిచాం. తాగునీటికి పెట్టిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన బోర్లేవో చూపే పటం తెర మీదికి రాకముందే గంట కొట్టారు. ఒక్క ప్రశ్న లేదు. న్యాయనిర్ణేత ఫోనులోంచి తలెత్తనేలేదు.

మాకు నీళ్లు పట్టిచ్చిన అవ్వ మోకాళ్లు ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ వంకర తిరిగిపోయాయి. "ఏం తేలిందో వచ్చి చెప్పు బిడ్డా" అంది. ఆమె గురించి ఒక్క మాటైనా చెప్పనివ్వలేదు.