ఊపిరితిత్తుల క్యాన్సర్ కోడులో మన క్వారీల దుమ్ము కనబడాలి

ఒంగోలు, నెల్లూరు ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి కేస్ షీట్ మీద రికార్డుల విభాగం వేసే ఒక అక్షరాన్నీ, దాని పక్కనున్న అంకెలనూ రోగి బంధువులు గమనించరు. వారు గమనించవలసిన అవసరం కూడా లేదు. అయితే ఈ వ్యాధి ఎవరికి వస్తోంది, ఏ పనులు చేసిన వారికి వస్తోంది అని తర్వాత లెక్క తీసేవారికి ఆ కోడే ఆధారం కనుక, వైద్యులు దాన్ని గుమాస్తా పనిగా వదిలేయడం తగదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధి వర్గీకరణ పదో కూర్పులో ఈ క్యాన్సర్‌ది సి34. గడ్డ ఊపిరితిత్తి పై లోబ్‌లో, అంటే పై భాగంలో, ఉంటే సి34.1, కుడి ఊపిరితిత్తికి మాత్రమే ఉండే మధ్య లోబ్‌లో ఉంటే సి34.2, కింది లోబ్‌లో ఉంటే సి34.3. ఎక్కడుందో రాయనప్పుడు మిగిలేది సి34.9. సీటీ ఫిల్మ్ చూసి సొంతంగా నిర్ణయించే అధికారం కోడింగ్ సిబ్బందికి లేదు. వైద్యుడు ‘లంగ్ క్యాన్సర్’ అని రెండు మాటలతో ముగిస్తే వారు సి34.9 దాటి వెళ్లలేరు.

ఇంతకంటే పెద్ద పొరపాటుకు తావున్నది మరొకచోట. రొమ్ములో పుట్టి ఊపిరితిత్తికి పాకిన క్యాన్సర్‌కు రొమ్ము క్యాన్సర్ కోడైన సి50తో పాటు, ఊపిరితిత్తికి పాకినట్టు తెలిపే సి78.0 వేయాలి తప్ప సి34 వేయకూడదు. అలాగే దగ్గు, కఫంలో నెత్తురు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ క్షయకూ ఈ క్యాన్సర్‌కూ ఉమ్మడి లక్షణాలు కావడంతో, నిర్ధారణ కాని క్షయగా ఏ16 కోడుతో మందులు మొదలైన రోగికి తర్వాత బయాప్సీలో క్యాన్సర్ తేలితే, రికార్డునూ ఆ మేరకు సరిదిద్దాలి.

మన ప్రాంతానికి మరీ ముఖ్యమైనది వృత్తి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో, మార్కాపురం పలకల పనిలో రాయి కోసినప్పుడల్లా సిలికా దుమ్ము లేస్తుంది. పనిచోట పీల్చే స్ఫటిక సిలికా మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే వర్గీకరించింది. దుమ్ములో పనిచేసినట్టు తెలిపేందుకు జెడ్57.2, సిలికా దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ ఉంటే జె62 వర్గీకరణలో సిద్ధంగానే ఉన్నాయి. కేస్ షీట్‌లో వృత్తి దగ్గర ‘కూలి’ అని మాత్రమే రాస్తే ఇరవై ఏళ్లు రాయి కోసిన మనిషీ, పొలం పనికి వెళ్లిన మనిషీ ఒకే లెక్కలో కలిసిపోతారు. చుట్ట, బీడీ అలవాటు గురించి అడిగి, అది ఉందనగానే కారణం దొరికిందని ఆగిపోవడం కూడా అన్యాయమే. పొగా దుమ్మూ రెండూ ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. ఏం పని, ఎన్నేళ్లు అన్న రెండు ప్రశ్నలను కేస్ షీట్‌లో అచ్చు వేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మరణ ధ్రువపత్రంలోనూ ఇదే శ్రద్ధ కావాలి. ‘గుండె, శ్వాస ఆగిపోవడం’ అనేది ప్రాణం పోయిన తీరే గానీ మూలకారణం కాదు. అదొక్కటే రాస్తే క్యాన్సర్ మరణం లెక్కలోంచి జారిపోతుంది. చివరి రోజుల్లో ఇంటికి తెచ్చుకున్న రోగి చనిపోయినప్పుడు ఆసుపత్రి బయట జరిగిన మరణానికి కారణం తెలిపే 4ఎ ఫారం నింపే వైద్యుడు పాత బయాప్సీ కాగితాన్ని కుటుంబాన్ని అడిగి చూసి, మూలకారణం దగ్గర ఊపిరితిత్తుల క్యాన్సర్ అని, అది ఏ వైపు, ఏ లోబ్‌లో పుట్టిందో కూడా రాయాలి.