సమతౌల్య బిందువు గారికి, ఫ్లైఓవర్ మీద నుంచి

మహారాజశ్రీ సమతౌల్య బిందువు గారికి,

నిన్న సాయంత్రం మా దారిలో కొత్తగా తెరిచిన ఫ్లైఓవర్ దాటడానికి నాకు 50 నిమిషాలు పట్టింది. నాతోపాటే బయలుదేరి కింది రోడ్డు మీదుగా వచ్చిన మా పక్కింటాయన సరిగ్గా అదే సమయానికి గేటు దగ్గర ఎదురుపడేసరికి, గిరాకీ గీతా సరఫరా గీతా కలిసేచోట కొలువుండే తమరి దర్శనభాగ్యం కలిగిందని గ్రహించాను.

ఏ ఒక్కరూ దారి మార్చి బాగుపడలేని స్థితి వచ్చేదాకా, అంటే వాడుకలో ఉన్న దారులన్నిటిలోనూ ప్రయాణకాలం సమానమయ్యేదాకా, జనం అటూ ఇటూ సర్దుకుంటారని ట్రాఫిక్ పరిశోధకుడు వార్డ్రాప్ 1952లోనే రాశారు. సమానమంటే అందరికీ కాస్త మేలు జరగడమనుకున్న నా అమాయకత్వాన్ని మన్నించండి. అందరి సగటు ప్రయాణకాలం కనిష్ఠమయ్యే పంపకం వేరే ఉంటుందని ఆయనే ఆ వ్యాసంలోనే రెండో సూత్రంగా చెప్పారు. అది మాత్రం హైదరాబాదుకు రాలేదు. ఏ టోల్‌గేటు దగ్గర ఆగిందో తెలియదు.

వెడల్పు చేసిన రహదారి మళ్ళీ రద్దీతో నిండుతుందని ఆర్థికవేత్త డౌన్స్ 1962లో, కొత్త దారి వేస్తే అందరికీ ఆలస్యం పెరగవచ్చని గణితవేత్త బ్రాయెస్ 1968లో చెప్పి ఊరుకున్నారు. ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించినవారు మాత్రం పావుగంటలో ఇల్లు చేరతారన్నారు.

నా బాధ అది కాదు. రైతుబజారులో టమాటా ధర పెరిగితే కొందరు సంచీ మడుచుకొని వెళ్ళిపోతారు, మిగిలినవారిచ్చిన డబ్బు అమ్మినవాడికి చేరుతుంది. రోడ్డు మీద తమరు వసూలు చేసే ధర మా కాలం. అందరమూ చెల్లిస్తాం, ఎవరికీ ముట్టదు. నా 50 నిమిషాలు ఎవరి ఖాతాలో పడ్డాయి? లండన్ 2003లో నగర మధ్యభాగంలోకి వచ్చే కార్లపై రుసుము పెట్టి, ఆ సొమ్మును బస్సులకు మళ్ళించింది. ఇక్కడ బస్సు అరవై మందితో, నేనొక్కడినే కూర్చున్న కారు వెనక హారన్ కొడుతూ నిలబడింది. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ నన్ను అక్కడికి తెచ్చింది ఎవరు? నువ్వే కదా! ఇక మర్యాద నావల్ల కాదు. ఇంతమంది సాయంత్రాలు మింగి, ఎవరూ కదలలేని ఆ స్థితికి సమతౌల్యమని పేరు పెట్టుకోవడానికి నీకు సిగ్గులేదూ?

రేపటి నుంచి గంట ముందే బయలుదేరాలని నిశ్చయించుకున్నాను. మా అపార్టుమెంటులో మరో నలుగురు కూడా అదే నిశ్చయానికి వచ్చారని ఇప్పుడే లిఫ్టులో తెలిసింది.

ఇట్లు,
ఎడమ వరుసలోని తెల్ల కారువాడు