బిస్ట్రోలో నూకలన్నం

సెనెగల్ రాజధాని డకార్‌లో దిగిన ప్రతి ప్రయాణికుడూ మొదటి పూట బిస్ట్రోలోనే భోంచేయాలని ఎక్కడో చట్టం ఉన్నట్టుంది. లాడ్జి వాళ్లు, టాక్సీ అబ్బాయి, విమానంలో పక్క సీటు పెద్దమనిషి, అందరిదీ ఒకటే మాట. చట్టమంటే భయమున్నవాణ్ని, వెళ్లాను.

పారిస్‌లో బిస్ట్రో అంటే ఒకరకంగా మన మెస్సే. చవగ్గా, త్వరగా కడుపు నింపే చోటు. సముద్రం దాటేసరికి ప్రమోషన్ కొట్టేసింది. ఏసీ, సుద్దముక్కతో రాసిన మెనూ, గోడకు వేలాడే పాత సైకిలు. (సైకిలెందుకో నన్నడక్కండి.) బయట ఎండ మాడు పగలగొడుతుంటే లోపల ఉల్లిపాయ సూపు! మెనూలో అట్టడుగున, జాలిపడి చోటిచ్చినట్టు, చెబుజెన్, అంటే చేపలన్నం. సెనెగల్ జాతీయ వంటకం, 2021లో యునెస్కో కూడా గుర్తించింది. అదే చెప్పాను.

వచ్చింది. పెద్ద తెల్ల పళ్లెం మధ్యలో, గిన్నెతో బోర్లించిన ఎర్రన్నం గోపురం. నెత్తిన అగ్గిపెట్టెంత చేపముక్క. అంచున ఆకుపచ్చటి గీత. ఎవరో వేలు తుడుచుకున్నారేమో అనుకున్నాను. కాదట. వెయిటర్ చేతులు కట్టుకుని ఉపన్యాసం మొదలెట్టాడు. "బిస్సాప్ ఆకు సార్. మా ఆఫ్రికా ఆకు. పుల్లగా ఉంటుంది, మెల్లిగా అలవాటు చేసుకోవాలి."

నాలిక మీద పెట్టుకున్నాను. గోంగూర!

గుంటూరువాడికి గోంగూర అలవాటు చేయిస్తున్నాడు మహానుభావుడు. (ఆ మొక్క పుట్టిల్లు ఆఫ్రికానే అంటారు కాబట్టి నోరు మూసుకున్నాను.) తర్వాత ఎర్రటి షర్బత్ తెచ్చాడు. అదీ గోంగూర కాయల మీది ఎర్ర తొడుగుల రసమే. తలూపాను. అన్నం సంగతి అడిగితే గొంతు తగ్గించాడు. "విరిగిన గింజ సార్, స్పెషల్. ఇండియా నుంచి వస్తుంది."

నూకలు. కాకినాడ రేవు నుంచి పశ్చిమాఫ్రికాకు బియ్యం ఓడలు పోతాయని పేపర్లో చదివాను. వాటి వెనకే నేనూ వచ్చి, మా ఇంట్లో కోళ్లకు చల్లే సరుకును 8,000 ఫ్రాంకులు (అక్కడి డబ్బు) ఇచ్చి ఫోర్కుతో తింటానని ఏ పేపరూ రాయలేదు.

అసలు ఆ నూకలు అక్కడికెలా చేరాయి? ఫ్రెంచి దొరలు సెనెగల్ రైతుల చేత వేరుశనగ వేయించారు, ఫ్రాన్సు నూనె మిల్లుల కోసం. తిండిగింజలు తగ్గిపోతే, తమ చేతిలోనే ఉన్న ఇండోచైనాలో (ఇప్పటి వియత్నాం, కంబోడియా, లావోస్) బియ్యం ఆడించగా మిగిలిన నూకలు తెచ్చి పోశారు. ఆ మిగుళ్లతోనే అక్కడి ఆడవాళ్లు చేపలూ టమాటా వేసి ఒక దేశం మొత్తం లొట్టలేసుకునే వంట చేశారు. 1960లో స్వాతంత్ర్యం వచ్చింది. నేను బిల్లు కట్టిన ఫ్రాంకు నోటు ఇప్పటికీ ఫ్రాన్సులోనే అచ్చవుతుంది. ఆ వంటకేమో సొంత రాజధానిలో ఉల్లిపాయ సూపు కింద చోటు! మళ్లీ ఉపకారం చేస్తున్నట్టు మొహం! సిగ్గులేకపోతే సరి.

చేతులు కడుక్కుందామని వెనక్కి వెళ్లాను. వంటవాళ్లంతా పీట్ల మీద కూర్చుని ఒకే పెద్ద బేసిన్లో చేతులు పెట్టి తింటున్నారు. అదే చెబుజెన్, కాకపోతే నిజమైనది. నిండు చేప, క్యాబేజీ, కర్రపెండలం, గిన్నె అడుగున గీకిన మాడు. ఒకావిడ "కాయ్ లెక్" అంది, వచ్చి తినమని. నేను కూర్చోగానే చేప విరిచి పెద్ద ముక్క నా వైపు తోసింది. గోంగూర పచ్చడి కూడా గీతలు గీయలేదు, గుప్పెడు పెట్టింది.

అరగంట తర్వాత బయటికొస్తే నా గోపురం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. పక్క టేబుల్ పర్యాటకుడు లేచి నిలబడి దాన్ని ఫొటో తీసుకుంటున్నాడు.