పాట పాడినవాడిదే తప్పు

బాలాపూర్ గణపతి లడ్డూకి 1994లో మొదటిసారి వేలం పాట పెడితే 450 రూపాయలకు పోయింది. పాట పాడినాయనకు కమిటీవాళ్లు లడ్డూ ఇచ్చేశారు. ఎంత అమాయకులు! అదే లడ్డూ పాట 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు, 2025లో 35 లక్షలకు వెళ్లింది. ఇప్పటి ఆన్‌లైన్ అమ్మకందార్ల తెలివి ఆనాటి కమిటీకి ఉండి ఉంటే, 450 దగ్గర పాట ఆగిన రాత్రే "క్షమించండి, లడ్డూని ఎలుక కొరికేసింది" అని కబురు పంపేవాళ్లు. వినాయకుడి మంటపంలో ఎలుక ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగే నాథుడు కూడా ఉండేవాడు కాదు. వారం తిరక్కుండా అదే లడ్డూకి మళ్లీ పాట పెట్టుకోవచ్చు.

ఇప్పుడు పాటలు ఊరి నడిబొడ్డున కాకుండా ఈబే అనే ఆన్‌లైన్ వేలాల సైటులో నడుస్తున్నాయి. ఏడు రోజులు గడియారం తరుగుతూ వస్తుంది, సున్నా దగ్గర ఆగుతుంది, "మీరు గెలిచారు" అని మెసేజ్ వస్తుంది. దాంతో బేరం తెగిపోయిందని కొన్నవాడు అనుకుంటాడు. పాపం, వాడికి తెలియదు. వాడి లెక్కలో అది అమ్మకం. అమ్మినవాడి లెక్కలో అది రేటు కనుక్కోవడానికి పెట్టిన టముకు. నచ్చిన రేటు పలికితే అమ్మకం, పలక్కపోతే ప్రమాదం. ఇంత సున్నితమైన తేడా అర్థం చేసుకోలేని కొనుగోలుదార్ల వల్ల అమ్మకందార్ల మనోభావాలు రోజూ దెబ్బతింటున్నాయి. వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు లేకపోవడం వల్లే ఈ నాలుగు ముక్కలు.

ఒక చార్మినార్ రూపాయి సంగతే తీసుకుందాం. హైదరాబాద్ సంస్థానం సొంత నాణెం హాలీ సిక్కా, ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో వేసింది. బరువు దాదాపు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం, అంటే అచ్చ వెండే తొమ్మిది గ్రాముల పైచిలుకు. ఒకవైపు చార్మినార్, దాని కమాను మధ్యలో ఉస్మాన్ పేరులోని తొలి అక్షరం 'ఐన్'. ఇది అమెరికాలో ఒకరి సొరుగులోంచి బయటపడి ఈబేకి ఎక్కిందనుకోండి. తక్కువలో మొదలుపెడితే జనం ఎగబడతారని ఎవరో చెప్పగా విని, ఆసామి 99 సెంట్లకు పాట మొదలుపెట్టాడు. జనం ఎగబడలేదు. ఇద్దరే వచ్చారు. ఒకాయన తన గరిష్ఠం 22 డాలర్లని లోపల నమోదు చేసుకున్నాడు, అవతలివాడిని దాటడానికి ఎంత కావాలో అంతే ఈబే ఆయన తరఫున పాడుతుంది. రెండో ఆయన 7 డాలర్ల దగ్గర చల్లబడ్డాడు. 5 డాలర్లు దాటాక 25 లోపు ఒక్కో మెట్టు 50 సెంట్లు కాబట్టి పాట 7 డాలర్ల 50 సెంట్ల దగ్గర ముగిసింది. కరిగించి అమ్మినా అంతకంటే ఎక్కువే వస్తుంది.

ఇక్కడ ధర తేల్చింది గెలిచినవాడు కాదు, ఓడిపోయినవాడు. ఆ రెండో ఆయన ఇంకాస్త పట్టుదలగా ఉంటే రూపాయి ధర 20 డాలర్లు దాటేది. కానీ ఓడినవాడి మీద కోపం చూపించడానికి ఈబేలో బటన్ లేదు. గెలిచినవాడి మీద చూపించడానికి ఉంది. దాని పేరే ఆర్డర్ రద్దు. అమ్మకం జరిగిన 30 రోజుల దాకా అది అందుబాటులో ఉంటుంది.

బటన్ నొక్కగానే కారణం అడుగుతుంది. "ధర నచ్చలేదు" అనే కారణం అందులో ఉండదు. ఇంత పెద్ద కంపెనీ ఇంత చిన్న సత్యాన్ని ఎలా మరిచిందో! ఉన్నవల్లా వస్తువు అయిపోయింది లేదా దెబ్బతింది, కొన్నవాడే రద్దు చేయమన్నాడు, కొన్నవాడి అడ్రసులో ఇబ్బంది ఉంది, ఇలాంటివే. ఆసామి 'దెబ్బతింది' ఎంచుకుంటాడు. అబద్ధమనకండి. దెబ్బతిన్నది వస్తువా మనోభావమా అని ఫారం అడగదు. నిజాం కాలం నుంచి చేతులు మారుతూ వచ్చిన రూపాయి, పాట ముగిసిన ఇరవై నిమిషాల్లో టేబుల్ మీంచి జారి పడి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. వెండి అంత సున్నితమైన లోహమని లోహశాస్త్రం ఇంకా కనిపెట్టలేదు.

చరిత్ర చూస్తే జాలేస్తుంది. 1995లో ఒమిడ్యార్ ఈ వేలాల సైటు మొదలుపెట్టినప్పుడు అందులో తొలిగా అమ్ముడైన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్. పాడైందని చెప్పే పెట్టారు, 14.83 డాలర్లకు పోయింది. అప్పట్లో పాడైన వస్తువులు అమ్ముడయ్యేవి. ఇప్పుడు అమ్ముడైన వస్తువులు పాడవుతున్నాయి.

తక్కువకు ఇవ్వడం ఇష్టం లేకపోతే, ఇంతకు తగ్గితే అమ్మనని చెప్పే 'రిజర్వు' ధర పెట్టుకోవచ్చు కదా అని కొందరు చాదస్తులు అడుగుతారు. 99 సెంట్ల బదులు 20 డాలర్ల దగ్గరే పాట మొదలుపెట్టవచ్చు కదా అనీ అంటారు. వ్యాపారం తెలియని మాటలు. రిజర్వు పెడితే వస్తువు అమ్ముడైనా కాకున్నా దానికి విడిగా ఫీజు కట్టాలి. 20 దగ్గర మొదలుపెడితే ఒక్కడూ తొంగిచూడడు. అదే 99 సెంట్లకు పెట్టి, పాట బాగా పాకితే అమ్మేసి, పాకకపోతే పగలగొట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా రిజర్వు పెట్టుకున్నట్టే. అసలు రద్దు బటన్ ఉన్నది ఇందుకేనని చాలామంది ఆసాములు నిండు మనసుతో నమ్ముతున్నారు.

దీనికి శిక్ష లేకపోలేదు. 'దెబ్బతింది' అని రద్దు చేస్తే ఆసామి ఖాతాలో ఒక లోపంగా రాసుకుంటారు. మొత్తం అమ్మకాల్లో అలాంటివి 2 శాతం దాటితే ఖాతా హోదా దిగజారుతుంది, వెతుకులాటలో అతని వస్తువులు అడుగుకు పోతాయి. 500 అమ్మకాలున్న పెద్దమనిషికి ఒక రద్దు అంటే 0.2 శాతం, దోమ కుట్టినట్టు. 'టాప్ రేటెడ్' బిరుదు కాపాడుకునేవాడికి మాత్రం గీత 0.5 శాతం దగ్గరే ఉంటుంది కాబట్టి కాస్త దురద పుడుతుంది.

ఆ దురద పుట్టినవాడే మీకు తీయని మెసేజ్ పంపుతాడు. "సార్, చిన్న ఇబ్బంది వచ్చింది, మీరే రద్దు కోరుతూ రిక్వెస్ట్ పెట్టండి, వెంటనే డబ్బు వెనక్కి పంపేస్తాను." మీరు పెడితే లెక్కల్లో తప్పుకున్నది మీరు, ఒప్పుకున్న ఉదారుడు ఆయన. లోపం నమోదు కాదు. నూటికి తొంభై మంది మొహమాటానికి పోయి పెట్టేస్తారు, పెళ్లిభోజనంలో వద్దు వద్దంటూనే ఇంకో గరిటె వేయించుకున్నట్టు. సత్సంప్రదాయం అంటే ఇదీ.

బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఈ మధ్య కొందరు కర్కశులైన కొనుగోలుదార్లు తయారయ్యారు. వాళ్ల పద్ధతులు తెలుసుకుని జాగ్రత్తపడటం అమ్మకందార్లకు అవసరం కనుక వివరంగా చెప్పక తప్పడం లేదు.

వీళ్లు గెలిచిన పది నిమిషాల్లోనే డబ్బు కట్టేస్తారు. ఇందులో ఎంత కుట్ర ఉందో చూడండి. నాలుగు రోజులు దాటినా డబ్బు రాకపోతే "కొన్నవాడు కట్టలేదు" అని ఆసామి దర్జాగా రద్దు చేయొచ్చు, మచ్చ కొన్నవాడి మీదే పడుతుంది. అందుకే కొందరు ఆసాములు, రెండు వస్తువులు గెలిచినవాడితో "రెండు వస్తువులకూ కలిపి పోస్టేజీ లెక్కకట్టి బిల్లు పంపిస్తా, ఆగండి" అని నాలుగు రోజులూ మౌనవ్రతం పడతారు. కర్కశులు ఆగరు. ఒకటి రెండు డాలర్ల పోస్టేజీ ఎక్కువైనా ముందు కట్టేసి, తర్వాత అడుగుతారు.

రద్దు కోరమంటే "నాకు రూపాయి కావాలి, రద్దు కోరడం లేదు" అని ఒకే వాక్యం, అదీ ఈబే మెసేజ్‌లోనే రాస్తారు. వాట్సాప్ నంబరు ఇస్తే తీసుకోరు. "20 డాలర్లు బయట పంపండి, నాణెం పోస్టులో వేస్తా" అన్నా లొంగరు, ఈబే దాటి డబ్బు పంపితే డబ్బు వాపసు హామీ వర్తించదని వాళ్లకు ఎవరో చెప్పేశారు. పాట పేజీని 12 అంకెల వస్తువు నంబరుతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటారు. రద్దు నోటీసు వస్తే డబ్బు తిరిగొచ్చిందా అని మాత్రమే చూసి ఊరుకోరు, కారణం గడిలో ఏం రాశారో కూడా చూస్తారు. అక్కడ "కొన్నవాడే అడిగాడు" అని ఉంటే తమ ఒక్క వాక్యపు మెసేజ్‌ని జతచేసి ఈబేకి ఫిర్యాదు చేస్తారు.

వీళ్లలో పరమ దుర్మార్గులు ఇంకో మాట రాస్తారు: "దెబ్బతిన్నా ఫర్వాలేదు, అదే ధరకు అదే ముక్క పంపించండి, ఒక ఫోటో పెట్టండి చాలు." ఈ మెసేజ్‌కి జవాబు ఇచ్చిన ఆసామి చరిత్రలో లేడు.

ఆ తర్వాత ఫీడ్‌బ్యాక్, అంటే అమ్మినవాడి మీద కొన్నవాడు అందరికీ కనిపించేలా రాసే అభిప్రాయం. దీనికి 60 రోజుల గడువు ఉంది కాబట్టి కర్కశుడు మొదటి రోజే తిట్టడు, కాచుకుని కూర్చుంటాడు. మూడో రోజో నాలుగో రోజో చార్మినార్ రూపాయి కొత్త నంబరుతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అవే పువ్వుల దుప్పటి మీద తీసిన అదే ఫోటో, కుడి మినారు పక్కన అదే గీత, మూలన అదే బొటనవేలి గోరు. మొదలు ధర మాత్రం 19.99. ఆ పేజీ కూడా స్క్రీన్‌షాట్ తీశాకే వాడు నెగెటివ్ పెడతాడు. అందులో తిట్టు ఒక్కటీ ఉండదు, తిడితే ఈబే ఆ వ్యాఖ్యను తీసేస్తుందని తెలుసు. "గెలిచి వెంటనే డబ్బు కట్టాను. దెబ్బతిందని రద్దు చేశారు. మూడు రోజుల్లో అదే నాణెం, అదే ఫోటోతో ఎక్కువ ధరకు పెట్టారు." అంతే. "నెగెటివ్ పెడతాను జాగ్రత్త" అని ముందుగా బెదిరించడు కూడా, బెదిరిస్తే నియమం తప్పింది వాడే అవుతాడు. ప్రతీకారంగా వాడికి ఒక నెగెటివ్ పడేద్దామా అంటే, 2008 నుంచి అమ్మేవాళ్లకు ఆ హక్కే లేదు. ఆసామికి మిగిలింది వాడిని బ్లాక్ చేసి రెండో పాటకు రాకుండా చూసుకోవడం ఒక్కటే.

కోర్టుల తీరు మరీ ఘోరం. ఆస్ట్రేలియాలో ఒకాయన 1946 నాటి విరవే అనే పాత సైనిక విమానాన్ని ఈబేలో పెట్టాడు. లక్షా యాభై వేల ఆస్ట్రేలియన్ డాలర్ల రిజర్వుకి సరిగ్గా పాట వచ్చింది. ఈలోగా ఇంకొకరికి లక్ష ఎక్కువకు ఇస్తానని మాటిచ్చానన్నాడు. 2007లో న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టు, మాట సంగతి తర్వాత, పాట పాడినవాడికి విమానం ఇమ్మంది. జర్మనీలో ఇంకొకాయన ఒక యూరోకి పాస్సాత్ కారు పాట పెట్టి, బయట 4,200 వస్తోందని మధ్యలోనే పాట ఆపేశాడు. అప్పటికి ఒక్క యూరో దగ్గరున్న బిడ్డరు కోర్టుకెక్కితే, 5,250 విలువైన కారుకి 5,249 యూరోల నష్టపరిహారం కట్టమని అక్కడి సర్వోన్నత న్యాయస్థానం 2014లో చెప్పింది. తీసివేత కూడా న్యాయమూర్తులే చేసి పెట్టారు. ఆ దేశంలోనే ఒక ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కారు యజమాని తన కారు పాటను తానే వేరే ఖాతాతో 17 వేల దాకా పెంచుకుంటే, ఆ దొంగ పాటలన్నీ కొట్టేసి అసలు బిడ్డరు పాట 1.50 యూరోలే అని 2016లో తేల్చారు.

మన చట్టమూ తక్కువ తినలేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం వేలంలో సుత్తి పడిందంటే అమ్మకం పూర్తయినట్టే. వెనక్కి తగ్గాలంటే సుత్తి పడకముందే, ఆ వీలు కూడా పాడేవాడికే. అమ్మేవాడు పాటలో పాల్గొనే హక్కు ముందే చాటి ఉంచుకోకపోతే తన వస్తువుకు తానే పాడటం చట్టవిరుద్ధం. 1930లో ఆసాముల మనోభావాలకు ఏపాటి విలువ ఉండేదో దీన్నిబట్టి తెలుస్తోంది. బాజీ డాట్ కామ్‌ను 2004లో కొని మన దేశానికి వచ్చిన ఈబే 2018 ఆగస్టు 14న ఇక్కడ దుకాణం కట్టేసింది కనుక, ఈ తిప్పలు ఇప్పుడు ఎక్కువగా విదేశాల్లో ఉన్న మనవాళ్లవే. పోనీ ఏడున్నర డాలర్ల రూపాయి కోసం అక్కడ కోర్టుకి వెళ్దామా అంటే దావా ఫీజే ఇలాంటి నాణేలు కొన్ని కొనేంత ఉంటుంది. విమానాలు కొనేవాళ్లకే న్యాయం చవక.

ఇంకో జాతి అమ్మకందార్లు ఉన్నారు. వాళ్లు నిజంగానే వస్తువు పగలగొట్టుకుంటారు. పగిలిన గంటలోనే చెప్తారు, ముక్కల ఫోటో పంపుతారు, 'దెబ్బతింది' అని తామే నమోదు చేసుకుని లోపం నెత్తిన వేసుకుంటారు, అడక్కుండానే డబ్బు తిప్పి పంపుతారు, ఆ వస్తువు మళ్లీ ఎక్కడా పెట్టరు. వీళ్లవల్ల 'దెబ్బతింది' అనే మాటకి అర్థం స్థిరపడిపోతోంది. వృత్తికే కళంకం.

ఇక మన చార్మినార్ రూపాయి సంగతి. 19.99కి పెట్టిన రెండో పాటకి ఎవరూ రాలేదు. కావాలనుకున్నవాడు బ్లాక్ జాబితాలో ఉన్నాడు, రెండో ఆయన ఎలాగూ 7 దాటడు. చేసేది లేక మూడోసారి మళ్లీ 99 సెంట్లకే పెడితే, 6 డాలర్ల 25 సెంట్ల దగ్గర ఆగింది. నిన్న రాత్రి ఆ రూపాయి మళ్లీ టేబుల్ మీంచి జారి పడినట్టు సమాచారం.