మూడు ఆదివారాల మౌనవ్రతం

మన కతోలిక విచారణల్లో, అంటే ఒక్కో ఫాదర్ గారి కింద ఉండే గుడి సంఘాల్లో, జనానికి నోట్లో నువ్వుగింజ నానదని ఒక అపవాదు ఉంది. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఏ ఫాదర్ గారిని కదిలించినా ఇదే ఫిర్యాదు. ఇది శుద్ధ అన్యాయం. నోరు మూసుకోవాల్సిన చోట మనవాళ్లలా మూసుకోగలిగినవాళ్లు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేరని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

రుజువు కావాలంటే ఆదివారం పూజకు రండి. దివ్యసత్ప్రసాదం పంచడం అయిపోతుంది. చివరి దీవెనకు ముందు ఫాదర్ గారు జేబులోంచి కాగితం తీసి పెళ్లి ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారుడు, ఫలానా వారి కుమార్తె, ఇది మొదటి ప్రకటన, ఈ వివాహానికి ఏదైనా ఆటంకం ఉన్నట్టు ఎరిగినవారు విచారణ గురువులకు తెలియజేయవలెను. చీమ చిటుక్కుమంటే వినిపిస్తుంది. అప్పటిదాకా ఏడుస్తున్న పసిపిల్లలు కూడా ఆపేస్తారు. రెండో ఆదివారం అంతే, మూడో ఆదివారం అంతే.

ఈ పద్ధతి నిన్నా మొన్నటిది కాదు. పెళ్లికి ముందు గుడిలో ప్రకటన చేయాలని 1215లో బిషప్పులు కూడిన లాటరన్ మహాసభ నియమం పెట్టింది. 1563లో ట్రెంట్ మహాసభ మూడుసార్లు చదవాలని లెక్క తేల్చింది. 1983 నాటి తిరుసభ (కతోలిక సంఘం) చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, ఆటంకం తెలిసిన ప్రతి విశ్వాసీ పెళ్లికి ముందే చెప్పి తీరాలని 1069వ సూత్రంలో రాసింది. దయచేసి చెప్పండి అనలేదు, చెప్పడం మీ బాధ్యత అంది. మన నెల్లూరు మేత్రాసనం, అంటే బిషప్పు గారి ఏలుబడి, మద్రాసు నుంచి వేరుపడి 1928లో ఏర్పడింది కాబట్టి ఈ మౌనంలో మన వాటా వందేళ్లకు దగ్గరపడింది. 2028లో శతాబ్ది ఉత్సవాలు చేసేవాళ్లు దీనికి కూడా ఒక స్టాల్ కేటాయిస్తే బాగుంటుంది.

మౌనం అంటే తెలియక ఊరుకోవడం అనుకునేరు. తెలియకపోతే అందులో గొప్పేముంది? పూజ ముగిసి, గుడి బయట వేపచెట్టు కింద సిమెంటు అరుగు మీద చేరిన పెద్దమనుషుల మాటలు వినండి.

"పిల్లోడు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ అంట గదా?"

"యాడ సాఫ్ట్‌వేరు? పనిలోంచి తీసేసి ఆర్నెల్లయింది. రూములో పడుకోనుండాడు."

"అయ్యో. పిల్ల తరపోళ్లకి తెలుసా?"

"తెలిస్తే ఇస్తారా?"

"మరి ఫాదర్ చెవినెయ్యలా నువ్వు?"

"మనకెందుకబ్బా! ఒకరింట్లో శుభకార్యం చెడగొట్టిన పాపం మనకెందుకు?"

ఇది గొప్ప వేదాంతం. పెళ్లి చెడగొట్టడం పాపం. చెడిపోయే పెళ్లి జరగనివ్వడం పాపం కాదు. అలాంటి పెళ్లికి వెళ్లి బిరియానీ తిని, కవరు చేతిలో పెట్టి రావడమైతే పుణ్యం కిందే లెక్క. ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఈ అంశం మీద ఇంతవరకు ఎవరూ నోరు విప్పినట్టు లేదు.

కట్నం సంగతి కూడా అంతే. "మేము నోరు తెరిచి అడగమండీ, మీ బిడ్డకు మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అని మగపెళ్లివారు ఎంతో మర్యాదగా చెబుతారు. ఆ మర్యాద నిలబెట్టడానికి పిల్ల తండ్రి కందుకూరు పక్కన ఉన్న పొగాకు ఆరబెట్టే ఒక్క బ్యారన్నీ అమ్ముతాడు. కొన్నవాడూ మన విచారణవాడే. అగ్రిమెంటు మీద సాక్షి సంతకాలు పెట్టినవాళ్లూ మనవాళ్లే, వారిలో ఒకాయన పాటల బృందంలో హార్మోనియం వాయిస్తాడు. 1961 నుంచి కట్నం నేరమని చట్టం ఉందని అందరికీ తెలుసు. అయినా ఫాదర్ గారు అడిగింది ఆటంకం గురించి కదా. కట్నం ఆటంకం ఎలా అవుతుంది? కట్నం కుదరకపోతే అది ఆటంకం.

ఒక్క మినహాయింపు మాత్రం చెప్పుకోవాలి. ప్రకటన పూర్తయ్యేదాకా కూడా మనవాళ్లు ఆగలేని విషయం ఒకటుంది, అది వరస. ముందు చాప మీద కూర్చునే అవ్వ ఒకామె ప్రతి విచారణలోనూ ఉంటుంది. ఇంటిపేర్లు వినగానే ఆమె ముసుగులో వేళ్లు మడవడం మొదలుపెడుతుంది. "పిల్లోడి అమ్మమ్మా పిల్ల అమ్మమ్మా అక్కచెల్లెళ్ల బిడ్డలు గదే! అంటే పిల్ల చెల్లెలవుద్ది. ఓరి దేవుడా!" దీవెన అందుకునేలోపు ఈ వార్త మగవాళ్ల వైపు దాటిపోతుంది. సాయంత్రానికి ఫాదర్ గారి బంగళాకు నలుగురు పెద్దలు వస్తారు. చూడండి, మనవాళ్లకు ఆటంకాలు తెలియజేయడం చేతకాదని ఎవరన్నారు?

చిక్కల్లా తిరుసభ లెక్కతోనే వచ్చింది. ఆ లెక్కలో ఇద్దరినీ కలిపే పెద్ద దాకా అటూ ఇటూ ఎన్ని తరాలు ఎక్కాలో కూడుకోవాలి. ఆ మొత్తమే అంతరం. అవ్వ పట్టుకున్న చుట్టరికం ఆ లెక్కన ఎనిమిదో అంతరం. నాలుగు దాటితే తిరుసభకు పట్టింపే లేదు. అదే అవ్వ గతంలో తన కూతురి కూతుర్ని తన కొడుక్కే చేసుకుంది. మేనమామకు మేనకోడలు మూడో అంతరం, మేత్రాణుల (బిషప్పు గారి) అనుమతి లేకపోతే ఆ పెళ్లి చెల్లదు. అప్పుడు కాగితాలన్నీ నెల్లూరు వెళ్లి రావాల్సి వచ్చిందని అవ్వకు ఇప్పటికీ కోపమే. "నా మనవరాల్ని నా కొడుక్కి చేసుకునేదానికి మద్దెలో నెల్లూరోళ్లెవురు?" అంటుంది. పైగా మేనత్త కొడుకైనా పెదనాన్న కొడుకైనా తిరుసభకు ఒకటే అంకె, నాలుగు. ఒకటి మేళతాళాల సంబంధం, ఇంకొకటి తలుచుకుంటేనే చెంపలు వేసుకునే సంబంధం అని రోములో వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. కొత్త ఫాదర్ గారు ఒకరు ఈ అంకె గురించి అవ్వకు వివరించబోయారు. ఆ నెల అవ్వ ఇంటి నుంచి కోడిగుడ్లు రాలేదు.

ఒంగోలు వైపు సంబంధమైతే మరో రకం టెన్షన్. అది బాప్టిస్టుల గడ్డ, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చోటు. వాళ్లమ్మాయిని మనబ్బాయికి చేసుకోవాలంటే మేత్రాణుల అనుమతి కావాలి, పిల్లలను కతోలికులుగా పెంచడానికి చేయగలిగిందంతా చేస్తానని మనబ్బాయి మాట ఇవ్వాలి. ఇటువైపు ఆ మాట ఇస్తుండగా, అటువైపు పాస్టరు గారు పెళ్లికొడుకుని నీళ్లలో ముంచాల్సిందే అంటుంటారు. ఇరుపక్షాలూ దీని మీద గంటలు గంటలు వాదించుకుంటాయి. కులం దగ్గరకు వచ్చేసరికి రెండు సంఘాలూ వాదన లేకుండానే ఏకమవుతాయి. క్రైస్తవ ఐక్యత కోసం పాటుపడేవాళ్లు ఈ పునాది మీద కట్టడం మొదలుపెట్టొచ్చు.

ఇక ముహూర్తం. మనకు ముహూర్తాలు లేవని అందరికీ తెలుసు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా పెళ్లికి వేళే అంది, కతోలిక గురువులకు మేత్రాణుల అనుమతి ఉంటే రాత్రి కూడా చేయవచ్చంది. ఇంత విశాలమైన ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు. అయినా మనవాళ్లు పది గంటల ఇరవై రెండు నిమిషాలకు తాళి పడాలంటారు. ఎందుకంటే హాలు బుకింగ్ అంటారు. ఆషాఢంలో వద్దంటారు. ఎందుకంటే వానలంటారు. నెల్లూరులో ఆషాఢంలో వాన!

పెళ్లికి ముందు ఫాదర్ గారు ఇద్దరినీ విడివిడిగా పిలిచి ప్రశ్నలడిగి ఫారం నింపుతారు. ఇద్దరి ఇష్టంతోనే పెళ్లి పెళ్లవుతుందని, బలవంతం ఉంటే అది చెల్లదని చట్టం కాబట్టి, అమ్మాయిని ఒంటరిగా అడగాలి. ఒంటరిగానే అడుగుతారు. బల్లకు అటువైపు ఫాదర్ గారు, ఇటువైపు అమ్మాయి, పైన తిరిగే ఫ్యాను. తలుపు దగ్గరికి వేసి ఉంటుంది. కిటికీ అవతల మాత్రం పెద్దమ్మ పట్టుచీర అంచు కనిపిస్తుంటుంది. ఆమె అక్కడ గాలికి నిలబడింది.

"నీకు ఇష్టమేనా తల్లీ?"

అమ్మాయి కిటికీ వైపు చూస్తుంది. "ఇష్టమే ఫాదర్."

"ఎవరూ బలవంతం చేయలేదు కదా?"

"లేదు ఫాదర్."

పెద్దమ్మ గట్టిగా ఊపిరి వదులుతుంది. అది కూడా ఫారంలో రాసుకుంటే బాగుండేది గానీ దానికి గడి లేదు. ఆ అమ్మాయికి డిగ్రీ మూడో ఏడాది పరీక్షలు ఇంకా మిగిలున్నాయన్న సంగతికి కూడా గడి లేదు. సమ్మతి అడిగే మనిషి ఆమె జీవితంలో ఫాదర్ గారు ఒక్కరే కావడం, అదీ శుభలేఖలు పంచాక కావడం ఎవరి తప్పూ కాదు, పద్ధతి అట్టా ఉంది.

పెళ్లి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పీఠం ముందు ఫాదర్ గారికంటే ఫొటోగ్రాఫరుకు అధికారం ఎక్కువ. ప్రమాణం చెప్పేటప్పుడు మైకు మొహానికి అడ్డం వచ్చిందని ఇంకోసారి చెప్పించాడు ఒకచోట. రెండుసార్లు ప్రమాణం చేస్తే పెళ్లి రెండింతలు గట్టిదవుతుందేమో ధర్మశాస్త్ర పండితులు తేల్చాలి.

అసలు సంగతి భోజనాల దగ్గర మొదలవుతుంది. మూడు వారాలు ఉగ్గబట్టుకున్న నోళ్లన్నీ విస్తరి ముందు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. "పిల్లోడు ఇంట్లోనే ఉంటన్నాడంట" అని మొదటి ముద్దకు, "బ్యారన్ అమ్మేశారంట" అని రెండో ముద్దకు. సిలువ తాళి మెడలో పడ్డాక మన బాధ్యతలు మనకు గుర్తొస్తాయి. ఆపైన నలభై ఏళ్లు ఆ సంసారం మీద విచారణకు పూర్తి హక్కులు. మూడో నెల నుంచి "ఏమన్నా విశేషమా?" ఏడాది దాటితే వేళాంగణి మాతకు మొక్కుకోమని సలహా, సెప్టెంబరు 8 పండగకు వెళ్లే వ్యానులో సీటు కూడా వాళ్లే చెబుతారు. డాక్టరు దగ్గరికి ముందు మొగుణ్ని తీసుకెళ్లమని మాత్రం ఎవరూ అనరు. అది సంసారాల్లో తలదూర్చడం అవుతుంది.

అక్టోబరు వస్తే ఇంటింటా జపమాల. ఇంతకంటే మంచి ఆచారం నాకు తెలియదు, వెటకారం కాదు, నిజంగానే అంటున్నాను. పదిమంది ఒక ఇంట్లో కూర్చుని ఆ ఇంటి కోసం ప్రార్థించడం చిన్న సంగతి కాదు. పెదవులు మంగళవార్త జపం చెబుతుంటాయి. కళ్లు మాత్రం ఖాళీగా ఉండవు. కోడలి సూట్‌కేసు హాల్లో ఎందుకుంది? పడక గదిలో ఒక్క దిండే ఉందేంటి? జపమాలలో ధ్యానించే ఐదు దేవరహస్యాలు పూర్తయ్యేలోపు ఆ ఇంటి ఆరో రహస్యం కూడా బయటికొస్తుంది. గుగ్గిళ్లు తిని గుమ్మం దాటాక దాన్ని ధ్యానించుకుంటూ ఇళ్లకు వెళతారు.

కొన్ని సంసారాలు నిలబడతాయి. కొన్నిట్లో అమ్మాయి పుట్టింటికొస్తుంది, లేదా కువైట్ వెళ్లి అప్పులు తీరుస్తుంది. ఒకటీ అరా మేత్రాసనం వివాహ న్యాయస్థానం దాకా వెళతాయి. అక్కడిచ్చేది విడాకులు కాదు, ఆ పెళ్లి మొదటినుంచీ చెల్లలేదన్న తీర్పు. మోసం చేసి ఒప్పించారని తేలినా, భయపెట్టి ఒప్పించారని తేలినా అలాంటి తీర్పు రావచ్చు. ఒకప్పుడు రెండు న్యాయస్థానాలు ఒకే తీర్పు ఇవ్వాల్సి వచ్చేది, 2015లో ఫ్రాన్సిస్ జగద్గురువులు (పోప్) ఆ నియమం తీసేశారు. ప్రభుత్వ కోర్టులో విడాకులు మళ్లీ వేరే తిరుగుడు.

ఇంత చేసినా న్యాయస్థానానికి సాక్షులు కావాలి. ఇక్కడే మన విచారణ గొప్పతనం తెలుస్తుంది. సాక్షులకు కొదవే లేదు. "ఉద్యోగం లేదని నీకెప్పుడు తెలుసు?" అని అడిగితే, "పెళ్లికి ముందే తెలుసు స్వామీ" అని గర్వంగా చెబుతారు. "అమ్మాయికి ఇష్టం లేదని?" "నిశ్చితార్థం నాడే ఏడ్చింది గదా, మా ఇంట్లోనే పడుకోబెట్టుకున్నాం." "మరి ప్రకటన చదివినప్పుడు ఎందుకు చెప్పలేదు?" ఈ ప్రశ్నకు సాక్షి నిజంగా బాధపడతాడు. "అప్పుడు నన్ను పేరు పెట్టి అడగలేదు గదా స్వామీ."

అందుచేత మా విచారణ సలహా సంఘం ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చదవడం వల్ల కాగితం ఖర్చు తప్ప ఒరిగింది లేదు. ప్రకటనలు పెళ్లయ్యాక మూడు ఆదివారాలు చదవాలి. మనవాళ్లు మాట్లాడే సమయానికే ప్రశ్న అడిగితే సమాధానాలకు రిజిస్టరు చాలదు. సంఘం సభ్యులందరూ బాగుందన్నారు. ఒక్క పెద్దాయన మాత్రం లేచి, తమ చిన్నవాడి మొదటి ప్రకటన వచ్చే ఆదివారమేననీ, కొత్త పద్ధతి ఏదైనా పై ఏటి నుంచి పెట్టుకుంటే బాగుంటుందనీ అన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. వాయిదా వేశాం.